కొల్లేటి సీమయు కంటికి కానరాని రంగును

రంగును గూర్చి మన యిండ్లలో తరతరములుగా నొక న్యాయము చెల్లుచున్నది. చీర కొనునప్పుడు కొంగుచివర తడిపి, వ్రేళ్ళతో నలిపి చూతుము. రంగు దిగినచో దానిని కొట్టువానికే తిరిగి యిత్తుము. మిఠాయి మిక్కిలి యెర్రగా నున్నచో పిల్లలకు పెట్టుటకు వెనుదీయుదుము. కంటికి కనబడు రంగును కంటితోనే పరీక్షించుట యీ న్యాయము. ఇది మంచిదే. కాని దీనికి లొంగని రంగు ఒకటి కలదు. నీటిలో వేసినపుడు అది నెమలిమెడవలె మెరయును. చేప యొడలిలో ప్రవేశించిన కొలదికాలమునకే తన రంగును విడిచి, కంటికి కానరానిదై, క్రొవ్వునందు దాగి యుండును. వెలిసిపోయినదని మనము నమ్మినప్పుడే అది నిలిచి యుండును. దాని పేరు మాలకైట్ గ్రీన్. తెలుగున మాలకైట్ పచ్చ యనవచ్చును. బట్టల కొరకు పుట్టిన యీ రంగు చేపలకు మందెట్లయ్యెనో, ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెములు చుట్టుకొని యున్న కొల్లేటి సీమవారికి దానితో నేమి పనియో చరిత్రక్రమమున చెప్పుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన తీరదేశమునకు రంగులు క్రొత్తవి కావు. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్టణమున దిగినది ప్రధానముగా బట్టల వర్తకమునకే. వారికంటె ముందే డచ్చివారు అచ్చట గిడ్డంగి కట్టుకొనిరి. తరువాత పాలకొల్లునను వర్తకస్థానము నేర్పరచుకొనిరి. ఆ బట్టల కీర్తికి మూలము అద్దకపు రంగు. నిజాంపట్టణము మొదలగు చోట్ల సముద్రపుటొడ్డు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు నుండి తీసిన యెరుపు ఎన్ని యుతుకులకైనను చెదరనిదని ప్రసిద్ధి కెక్కెను. గుడ్డను కరక్కాయ కషాయమునను పాలయందును నానవైచి, పటికతో గీతలు దిద్ది, చిరివేరు నీట నుడికించి, పారు నీటిలో జాడించి, యెండబెట్టెడివారు. ఒక్కొక్క గుడ్డకు వారములు పట్టెడిది. పాతకాలపు రంగు లన్నియు అమృతమని మేము చెప్పబోము. నీలిమందు తొట్ల దుర్గంధ మెరిగినవారెవరును ఆ మాట యనలేరు. అయినను ఆ రంగులకు ప్రకృతియే యొక హద్దు విధించెను. వేరు పండినంత మేరకే రంగు. మనిషి త్రవ్వగలిగినంత మేరకే వేరు. దిగిన కొలది రంగును ఏరు మోసికొని పోగలిగెడిది.

ఏలూరునకు రంగుతో గల సంబంధము వేరొక దారిని వచ్చినది. పారసీక దేశమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు ఆ పట్టణమున ఉన్ని తివాసీల పని నెలకొల్పిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఏలూరు తివాసీలు ఐరోపా విపణులకు నెగుమతి యయ్యెను. తివాసీకి ప్రాణము రంగు. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున కృత్రిమ వర్ణములు దేశమందలి తివాసీ పనివాండ్ర చేతికి వచ్చినపుడు ఆ ప్రాణమే చెడెను. పొట్లము విప్పి నీట కలిపినచో క్షణములో సిద్ధమగు రంగులు చౌకవి. కాని యెండకు వెలిసెడివి, తడికి దిగెడివి. మంచి తివాసీ యనిన తరములు నిలుచునదను నమ్మకమునకు వానివలన మచ్చ వచ్చెను. నాటి ఫిర్యాదంతయు రంగు నిలువలేదనియే. నేటి మన ఫిర్యాదు దానికి సరిగా విపరీతమైనది.

ఆ కృత్రిమ వర్ణముల కథ 1856లో లండనున ఆరంభమైనది. విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, చలిజ్వరమునకు మందగు క్వినైనును తారునుండి చేయజూచి, చేయలేక, ఊదారంగు నొకదానిని కనుగొనెను. 1868లో జర్మనులైన గ్రేబే, లీబర్మను అనువారు మంజిష్ఠ వేరులోని యెర్రని సారమగు అలిజరినును ప్రయోగశాలలో నిర్మించిరి. మన చిరివేరు ఎరుపునకును మూలము ఆ సారమే. దానితో తీరమందలి వేరు త్రవ్వువారి జీవనము క్రమముగా నడుగంటెను. 1897లో కృత్రిమమైన నీలిమందు విపణి కెక్కెను. భారతదేశపు నీలి వర్తకము కూలిపోయెను. ఈ వరుసలోనిదే మన కథానాయకమగు పచ్చరంగు. 1877 ప్రాంతమున జర్మనీలో ఆటో ఫిషర్ మొదలగు రసాయనికులు దీనిని నిర్మించిరి. మాలకైట్ అనునది రాగి గనులలో దొరకు పచ్చరాయి. ఈ రంగునందు రాగి లేశమును లేదు. రంగు పోలికనుబట్టి ఆ పేరు పెట్టిరి. పట్టు, ఉన్ని, జనుము, తోలు, కాగితము, అన్నిటికి నిది పట్టును. చిటికెడు పొడి బానెడు నీటిని పచ్చ చేయును.

రంగునకు మందుగుణ మెట్లు వచ్చెనని పాఠకులు అడుగవచ్చును. సూక్ష్మదర్శినితో పరిశోధించువారు, కొన్ని రంగులు క్రిములకే పట్టి చుట్టునున్న కండకు పట్టకుండుట గమనించిరి. రంగు క్రిమిని వెదకికొని పోవుచున్నచో దానిచేతనే క్రిమిని చంపింపవచ్చును గదా యని పాల్ ఎర్లిఖ్ తలంచెను. 1891లో ఆయన మిథిలీన్ నీలముతో చలిజ్వరపు రోగులకు చికిత్స చేసి చూచెను. 1935లో జర్మనీలో డోమాక్ అను వైద్యుడు ప్రాంటోసిల్ అను నెర్రని రంగు చీముపట్టు వ్యాధులను కుదుర్చునని ప్రకటించెను. ఆ యేటనే పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థవారు ఒక వింతను కనుగొనిరి. ఒడలిలో ప్రవేశించిన పిమ్మట ఆ యెర్రని రంగు విడిపోయి, అందుండి వెలువడు రంగులేని పదార్థమే వ్యాధిని కుదుర్చుచున్నది! రంగు పోయినంత మాత్రమున గుణము పోదనియు, నొకప్పుడు అసలు గుణము రంగు పోయిన పిమ్మటనే ప్రకటమగుననియు నాడే తేలినది. ఈ పాఠము మందు విషయమున మనకు మేలు చేసినది. విషము విషయమున దానిని జ్ఞాపకముంచుకొనుటకు చాలకాలము పట్టినది.

1936లో అమెరికాలో ఫాస్టర్, వుడ్‌బరీ యను నిద్దరు, మాలకైట్ పచ్చ చేపలకు పట్టు బూజును చంపునని ప్రచురించిరి. చేపగ్రుడ్లను పొదిగించు చోట్ల దూదివంటి తెల్లని బూజు ప్రబలశత్రువు. చచ్చిన యొక గ్రుడ్డుపై పుట్టి, ప్రక్కనున్న బ్రతికిన గ్రుడ్లను చుట్టివేయును. లీటరు నీటికి మిల్లిగ్రాములో కొలదిపాలు రంగు వేసినను ఆ బూజు అణగును. ఇంత చౌకగా, ఇంత నిశ్చయముగా పనిచేయు మందు మరియొకటి దొరకలేదు. అందుచేత అది దేశదేశములకు వ్యాపించెను. మన దేశపు చేపల పెంపకపు పాఠ్యగ్రంథములలోను బూజునకు ఔషధముగా చాలకాలము దీనినే చెప్పుచు వచ్చిరి. దీనిని వాడిన తొలి తరమువారు దుర్మార్గులు కారు. గ్రంథములు చెప్పినట్లే చేసినవారు.

ఇక కొల్లేటి సీమకు వత్తము. కృష్ణా గోదావరుల డెల్టాలు కలిసికొను పల్లమున ప్రకృతి యుంచిన పెద్ద పళ్ళెరము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేరులును, అరువదికి మించిన కాలువలును మురుగు కాలువలును అందు పడును. అరువది కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగి పోవు ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. వానినుండి పారిన కాలువలు సీమ నంతటిని వరిపొలము చేసినవి. నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చు కాలువ రెండు నదుల నీటి మార్గములను కలిపి, పడవల రాకపోకలకు రాజమార్గ మయ్యెను. పొలములకు పారిన నీటిలో మిగిలినది పల్లమునకు పోవలయును గదా. పోయి చేరినది కొల్లేటికే. తుంగయు, గుర్రపుడెక్కయు, బురదయు ఆ నీటిలోని మలినమును కొంత పట్టి కొంత జీర్ణించుకొని ఉప్పుటేటికి విడిచెడివి. లంక గ్రామముల వడ్డివారు మావులు పన్ని కొర్రమీను, జెల్ల, మట్టగిడస, వాలుగ పట్టి జీవించెడివారు. ఆ చేపలకు వైద్యుడు లేడు, మందు లేదు. నీరు విశాలమై యుండుటయే వాని వైద్యము.

ఈ స్థితిని మార్చిన కారణములు రెండు. మొదటిది శాస్త్రసంబంధమైనది. 1957లో హీరాలాల్ చౌధురి ఒడిషాలో, పీయూషగ్రంథి సారమును సూదితో నెక్కించి మన దేశపు పెద్దచేపలచేత కోరిన చోట గ్రుడ్లు పెట్టించెను. వరదకాలమున ఏటిలో పిల్లలను పట్టి తెచ్చు అవస్థ తప్పినది; బొచ్చె, శీలావతి చేపల పిల్లలు లక్షలకొలది దొరకజొచ్చినవి. రెండవది ప్రభుత్వ సంబంధమైనది. 1976 తరువాత లంకలలోని పేదలకును మత్స్యకార సహకార సంఘములకును కొల్లేటి గర్భమున చేపల చెరువులు ఏర్పరచి యిచ్చిరి. ఉద్దేశము మంచిది. కాని చెరువునకు పెట్టుబడి కావలయును, మేతకు అప్పు కావలయును. కొలదికాలమునకే పెక్కు చెరువులు కౌలు పేర ధనికుల చేతికి పోయినవి. లాభమును చూచి, సరస్సు వెలుపలి వరిపొలములును చెరువులైనవి. 1990 దశకమున పంగస్ అను విదేశీ జాతియు బెంగాలు మీదుగా వచ్చి చేరెను. నేడు మంచినీటి చేపల పెంపకమున ఆంధ్రప్రదేశమునకు దేశమున నగ్రస్థానము. మంచు పెట్టెలలో నింపిన చేపలు కైకలూరు, ఆకివీడుల నుండి లారీలలో కలకత్తాకును అస్సామునకును పోవుచున్నవి.

ఒక యింట పదుగురుండ వలసినచోట నూరుగు రున్నచో నేమగునో చెరువులోను అదియే యగును. కిక్కిరిసిన నీటిలో నొక చేపకు వచ్చిన తెగులు అన్నిటికి పాకును. 1988లో ఈశాన్య భారతమున, ఒడలెల్ల పుండ్లు పడు తెగులొకటి చేపలకు బయలుదేరి కొలది యేండ్లలో ఆంధ్రదేశమును చేరెను. దానికి మూలమును నీటి బూజు జాతిదే. చెరువు ఒడ్డున తెల్లవారునప్పటికి తేలియున్న చేపలను చూచు రైతు మనస్సును మనము గ్రహింపవలయును. సంవత్సరపు పంటయు, వడ్డీకి తెచ్చిన సొమ్మును, ఆడపిల్ల పెండ్లియు ఆ నీటిపై వెల్లకిల తేలుచుండును. అప్పుడు ఎవరో వచ్చి చిన్న పొట్లమిచ్చి, ఇది వేయుమన్నచో, అందేమున్నదని యడుగు ధైర్య మెందరికుండును? ఆపద పుట్టినది పొట్లములో కాదు. అంతకు ముందే, కిక్కిరిసిన నీటిలో పుట్టినది.

ఆ పొట్లములోనిది మాలకైట్ పచ్చయైనచో చేప యొడలిలో జరుగునది యిది. రంగు మొప్పల గుండ నెత్తురులో ప్రవేశించును. అచ్చట అది మార్పు చెంది ల్యూకోమాలకైట్ పచ్చ యగును. ల్యూకో యనిన గ్రీకు భాషలో తెలుపు. పేరున పచ్చయే గాని దానికి రంగు లేదు. అసలు రంగు కొలదికాలములోనే తగ్గిపోవును. ఈ తెల్లని రూపము క్రొవ్వును పట్టుకొని వారములకొలది, ఒకప్పుడు నెలలకొలది నిలుచును. క్రొవ్వెక్కువగల చేపలో నింకను ఎక్కువకాల ముండును. ఉడికించినను వేయించినను అది సులభముగా నశింపదు. అమెరికా ప్రభుత్వపు విషపరీక్షా విభాగమువారు ఈ తెల్లని రూపమును రెండేండ్లు ఆహారమున కలిపి ఆడ చుంచులకు పెట్టి చూడగా, వాని కాలేయమున కంతులు హెచ్చినవి. ఆ ఫలితము 2005లో వెలువడెను. చుంచునకు జరిగినది మనిషికి జరిగి తీరునని మేము బెదరింపము. కాని ఏ మోతాదు నిరపాయమో నిశ్చయించుటకు వీలులేని పదార్థమును పిల్లల కంచములోనికి రానీయరాదనుట వివేకము. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణ సంఘమును 2008లో, ఆహారమునకై పెంచు చేపలకు దీని వాడుకను సమర్థింపజాలమనియే తేల్చెను.

లోకము మేలుకొనిన క్రమమును చూడుడు. 2002లో చైనా దేశము ఆహారపు చేపలకు దీనిని నిషేధించెను. ఆ యేటనే బ్రిటనును మానుకొనెను. అయినను 2005లో హాంకాంగ్ నగరమున అమ్ము పాముచేపలలో ఇది కనబడి గొప్ప కలవరము పుట్టెను. 2007 జూనులో అమెరికా, చైనా చెరువుల చేపలలో కొన్ని జాతులను పరీక్ష లేనిదే రేవులలో దిగనీయమని కట్టడి చేసెను. అందుకు చెప్పిన కారణములలో ఈ రంగు ఒకటి. ఐరోపా సమాజమువారు పరీక్షాశాలలు కిలోగ్రాము మాంసమున 2 మైక్రోగ్రాములను సైతము పట్టగలుగవలెనని విధించిరి. 2022 నవంబరు నుండి ఆ పరిమాణమును అర మైక్రోగ్రామునకు తగ్గించిరి. రెండు మైక్రోగ్రాము లనిన నెంతయో మన యిండ్ల లెక్కలో చెప్పుదము. పది టన్నుల చేపలు నింపిన లారీ మొత్తమునందు ఒక బియ్యపుగింజ యెత్తు విషమున్నచో అది రెండు మైక్రోగ్రాముల లెక్క. అర మైక్రోగ్రామనిన ఆ గింజలో నాలుగవ పాలు. అంత సూక్ష్మమును పట్టు యంత్రములు నేడు కలవు.

మన దేశమున నీ యంత్రములు లేకపోలేదు. విదేశములకు పోవు రొయ్యలను చేపలను పరీక్షించుటకు సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థవారు యేటేట నమూనాలు తీయుచున్నారు. ఆ పరీక్షల పట్టికలో మాలకైట్ పచ్చయు కలదు. కొల్లేటికి కూతవేటు దూరమందలి భీమవరమునను ఆ సంస్థవారి పరీక్షాశాల యున్నది. మన దేశపు ఆహార శాసనము అనుమతించిన కృత్రిమ వర్ణములు ఎనిమిది మాత్రమే. అందు మాలకైట్ పచ్చ లేదు. ఇట్లు శాసనమును కలదు, సాధనమును కలదు. కాని సముద్రము దాటు చేపకు గల కాపు సంతకు పోవు చేపకు లేదు. ఐరోపాలోని యొక గృహిణి కంచమునకు ముందు బియ్యపుగింజలో నాలుగవ పాలును వెదకుచున్నాము. ఏలూరు సంతలో బుట్టతో నిలిచిన గృహిణికి చేప కన్ను చూచి, మొప్ప యెత్తి చూచి కొనుక్కొమ్మని చెప్పుచున్నాము. ఈ భేదమునకు న్యాయమేమో మాకు బోధపడుట లేదు.

దీనివలన రైతునకును నష్టమే. 2018 జూలైలో అస్సాము ప్రభుత్వము, బయటినుండి వచ్చు చేపలలో ఫార్మలిను కలదని పది దినములు వానిని నిషేధించెను. 2019 జనవరిలో పాట్నా నగరమున ఆంధ్ర, బెంగాలు చేపలకు అట్టి నిషేధమే కలిగెను. ఫార్మలిను వేరు, మన పచ్చరంగు వేరు. కాని నీతి యొక్కటే. నిత్యము పరీక్షించి ఫలితము ప్రకటించు అలవాటు లేనిచోట, ఒక్క వదంతితో నిర్దోషి సరకును దోషి సరకుతో కలిసి లారీలలో కుళ్ళిపోవును. శుద్ధమైన చేపను పెంచిన రైతు తన శుద్ధిని దేనితో నిరూపించుకొనగలడు?

ఇంతవరకు కంచమును గూర్చి చెప్పితిమి. ఇక నీటిని గూర్చి. పట్టుబడి యయిన పిమ్మట చెరువు నీటిని మురుగు కాలువలోనికి తోడివేయుదురు. ఆ కాలువ కొల్లేటిలో పడును. కొల్లేరు ఉప్పుటేటిలో పడును. మందుగా వేసిన రంగు గాని, అద్దకపు తొట్లనుండియు కర్మాగారముల నుండియు దిగు రంగు గాని ఈ దారినే పోవలయును. రంగునీరు వెలుతురును లోనికి పోనీయదు. వెలుతురు లేక నీటిమొక్క బ్రతుకదు. మొక్క లేక నీరు శుద్ధిగాదు. పూర్వము మలినమును జీర్ణించుకొనిన కొల్లేరు నేడు బుడమేటి వెంట బెజవాడ మురుగును, తమ్మిలేటి వెంట ఏలూరు మురుగును మోయుచున్నది. 1999లో దానిని వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించిరి. 2002లో రామ్సారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేల యనిరి. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు టుత్తరువుల వెంట లోపలి చెరువుల గట్లను పగులగొట్టిరి. కాని తరువాత గట్లు మరల లేచిన చోట్లును కలవు. గట్టు తీసినంతనే దాని వెనుకనున్న అప్పు తీరదు గదా.

నీటిలోని కానరాని వస్తువు ఎట్టిదో ఏలూరువారు 2020 డిసెంబరులో అనుభవించిరి. ఆ నెల 5వ తేదీనుండి కొలది దినములలో ఆరువందలకు పైబడినవారు మూర్ఛలతో పడిపోయి ఆసుపత్రుల చేరిరి, ఒకరు మరణించిరి. ఢిల్లీ వైద్యవిజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసము, నికెలు కనుగొనిరి. కీటకనాశినుల వైపును పరిశోధకుల దృష్టి మరలెను. ఆ యాపదకును ఈ రంగునకును సంబంధము కలదని మేమనుట లేదు. ఆ దినములలో పట్టణమంతయు నడిగిన ప్రశ్నను మాత్రమే జ్ఞప్తికి తెచ్చుచున్నాము: మా నీటిలో నేమున్నది? మా కూరలో నేమున్నది? ఆపద తీరినంతనే ఆ ప్రశ్నను విడుచుట మన దోషము.

ఇప్పుడు చేయదగిన పనులను విన్నవింతుము. మొదటిది చెరువునొద్ద. పిల్లలను తక్కువగా వదలుట, పంటకును పంటకును నడుమ చెరువు నెండబెట్టి సున్నము చల్లుట, పొదుగుడు తొట్లలో చచ్చిన గ్రుడ్లను వెంటనే తీసివేయుట, క్రొత్త పిల్లలను ఉప్పునీట ముంచి వదలుట, ఇవి బూజును చాలవరకు రానీయవు. గ్రాము బరువుగల పిల్లకు సోకిన రంగు అది కిలో చేప యగునప్పటికి పలుచబడునని కొందరు వాదింతురు. అది కొంత నిజమే. కాని ఆ వాదమునే ఆధారముచేసికొని పెద్దచేపల చెరువులోను పొట్లము విప్పువానిని ఎవరాపుదురు? మాన్పవలసినది మొదటనే మాన్పవలయును. అలంకారమునకు గాజుపెట్టెలలో పెంచు చేపల మందు పేర ఈ రంగు అంగళ్లలో సులభముగా దొరకుచున్నది. దాని యమ్మకమునకు లెక్క యుండవలయును. 2020లో రాష్ట్రమున చేపల పెంపకమునకు ప్రత్యేకముగా నొక ప్రాధికార సంస్థను చట్టమువలన నేర్పరచిరి. అట్టి సంస్థకు ఇంతకంటె తగిన పని యుండదు.

రెండవది నీటినొద్ద. చెరువు నీటిని తిన్నగా కాలువలోనికి తోడక, ఒక మడుగులో నిలిపి, తేర్చి, విడువవలయును. ఊకనుండి చేసిన బొగ్గు ఈ పచ్చరంగును నీటినుండి పీల్చుకొనునని శాస్త్రజ్ఞులు అనేక ప్రయోగములలో చూపిరి. తాడేపల్లిగూడెపు చుట్టుప్రక్కల ధాన్యపు మిల్లులకు ఊక కొరత లేదు. ఆ యూరిలోనే 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. సాధనమును విద్యయు నొక్కచోటనే యుండగా, వానిని మురుగు కాలువ యొడ్డునకు తెచ్చుట మాత్రమే కొరత. రంగు పట్టిన బొగ్గును మరల కాలువలో పారవేయరాదని వేరుగ చెప్ప నక్కరలేదు.

మూడవది సంతనొద్ద. ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెము సంతలలో నెలనెల నమూనాలు తీసి, ఫలితమును తెలుగున అందరు చదువునట్లు సంత గోడపై ప్రకటింపవలయును. దోషము కనబడిన నాడును ప్రకటింపవలయును. కనబడని నాడును ప్రకటింపవలయును. రెండవదానివలన రైతునకు మేలు, మొదటిదానివలన కొనువానికి మేలు.

గృహములవారు చేయగలిగిన దేమని యడుగుదురు. బెండకాయలపై ఈ రంగు పూసిరేమో చూచుటకు, పారాఫిను ద్రవమున తడిపిన దూదితో రుద్ది చూడుమని దేశపు ఆహార ప్రమాణముల సంస్థ 2021లో నేర్పెను. దూది పచ్చనైనచో కాయ కల్తీది. ఇది కొంగు తడిపి చూచు మన పాత న్యాయమే. ఇంట చేసి చూడదగినది. కాని ఏ దూదియు చేప క్రొవ్వులోని తెల్లని రూపమును చూపజాలదు. అందుచేత చేప విషయమున ఇంటి పరీక్ష యొక్కటే: అడుగుట. ఈ చేపను పరీక్షించిరా, ఎవరు పరీక్షించిరి, ఫలితమెక్కడ నున్నదని అమ్మువానిని, పురపాలక సంఘమువానిని, ఓటు కొరకు గుమ్మమున నిలుచువానిని అడుగుట. చేప తినుట మానుమని మేము చెప్పము. పేదయింటికి అదియే చౌకైన పుష్టి. మానుట వలన లంక గ్రామపు కూలివాని కూడు పోవునే గాని చెరువు శుద్ధిపడదు.

చిరివేరు అద్దకమువారు తమ రంగు నూరేండ్లు నిలువవలెనని కోరిరి, నిలిపిరి. తివాసీ కొన్నవారు తమ రంగు నిలువలేదని దుఃఖించిరి. మన తరమునకు మాత్రము ఒక రంగు తొలగిపోవలెనని కోరుకొనవలసి వచ్చినది. అది కన్నులయెదుటనుండి తొలగును, కంచమునుండి తొలగదు. కొల్లేటి నీరు తేటగా నున్నదని దాని యొడ్డున నిలిచి సంతోషించు దినము వచ్చినప్పుడును, ఆ తేటదనమును ఎవరు పరీక్షించిరని యడుగు అలవాటు మన పిల్లలకు కలుగునుగాక.